డాక్టర్ సలహా: క్యాల్షియం వేసుకున్నా గోళ్లు పొరలు లేచి విరిగిపోతున్నాయి

ప్రశ్న: నా వయసు 38. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఏడాదిగా చేతిగోళ్లు కాస్త పెరగ్గానే అంచులు పొరలు లేచి విరిగిపోతున్నాయి. కాలిగోళ్లు బాగానే ఉన్నాయి. మూడు నెలలు క్యాల్షియం మాత్రలు వేసుకున్నా తేడా లేదు. గిన్నెలు నేనే తోముకుంటా, బట్టలు నేనే ఉతుక్కుంటా. నెలసరిలో రక్తస్రావం ఎక్కువ. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: కాలిగోళ్లు బాగున్నాయని రాయడం చాలా మంచిదైంది. ఒంట్లో లోపమే ముఖ్య కారణమైతే సాధారణంగా కాలిగోళ్ల మీదా దాని ప్రభావం కనిపిస్తుంది. చేతులవే పాడవుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది నీళ్లనే.

గోరు కెరాటిన్ అనే ప్రొటీన్ పొరలతో తయారవుతుంది. అందులో క్యాల్షియం చాలా కొద్దిగానే ఉంటుంది. అందుకే ఆ మాత్రలతో ఫలితం కనిపించలేదు. గోరు తడిస్తే నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. రోజుకు పదిసార్లు ఇలా జరిగితే పొరల మధ్య పట్టు సడలుతుంది. తడిసి ఆరిన అట్టపెట్టె అంచు ఎలా విచ్చుకుంటుందో చూసే ఉంటారు, మీ గోళ్లకు జరిగేదీ అదే. బోరు, ట్యాంకర్ నీళ్లలో నురగ సరిగా రాదు కాబట్టి సబ్బు, డిష్‌వాష్ లిక్విడ్ ఇంకాస్త ఎక్కువ పోస్తాం. గోరులో ఉన్న కాస్త జిడ్డు కూడా దాంతో పోతుంది.

గిన్నెలు తోమేటప్పుడు లోపల పల్చటి నూలు గ్లవ్స్, పైన రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. ఉత్త రబ్బరువైతే లోపల చెమట పట్టి గోళ్లు నానుతూనే ఉంటాయి. చేతులు కడిగిన ప్రతిసారీ తుడుచుకుని, ఇంకా చెమ్మ ఉండగానే కొంచెం వాజెలిన్ గోళ్ల మీద, చుట్టూ ఉన్న చర్మం మీద రుద్దండి. రాత్రి పడుకునే ముందు మాత్రం మానొద్దు. గోళ్లు మరీ ఎండినట్టుంటే 10 శాతం యూరియా ఉన్న క్రీమ్ రాయొచ్చు, పగిలిన చర్మం మీద పడితే మండుతుంది.

స్నానం చేశాక గోళ్లు మెత్తగా ఉన్నప్పుడే పొట్టిగా కత్తిరించండి. ఎండుగా ఉన్నప్పుడు కట్టర్ పెడితే అక్కడే చీలిక మొదలవుతుంది. అంచుల్ని సన్నటి ఫైల్‌తో ఒకే దిశలో అరగదీయండి. వెల్లుల్లి ఒలవడానికి, డబ్బా మూతలు తీయడానికి గోళ్లు వాడొద్దు. రంగు వేసుకునే అలవాటుంటే రిమూవర్ వారానికి ఒకసారికి మించకూడదు. జెల్ పాలిష్ కొన్నాళ్లు వద్దే వద్దు, దాన్ని తీసేటప్పుడు గోటి పైపొర కూడా లేచి వస్తుంది.

ఇక రక్తస్రావం. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, దీనివల్ల ఒంట్లో ఐరన్ తగ్గితే గోళ్లూ పెళుసవుతాయి. సీబీసీ (రక్తకణాల లెక్క, హిమోగ్లోబిన్), సీరం ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించుకోండి. హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నా ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు. ఫెరిటిన్ మిల్లీలీటరుకు 30 నానోగ్రాముల కంటే తక్కువుంటే ఐరన్ మాత్రలు అవసరమవుతాయి, తోటకూర, లివర్ తిన్నంత మాత్రాన ఆ లోటు పూడదు. ఐరన్ మాత్రకు గంట అటూ ఇటూ కాఫీ, టీ తాగొద్దు. క్యాల్షియం ఇంకా వాడుతుంటే రెండూ ఒకే పూట వేసుకోవద్దు, క్యాల్షియం ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. గోటి మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. జారిపోకుండా గుంటలో నిలిచిందంటే గోరు గరిటెలా లోతుపడింది, అది ఐరన్ లోపానికి గుర్తు. రక్తస్రావం ఎందుకు ఎక్కువవుతోందో గైనకాలజిస్ట్‌ చూడాలి.

బయోటిన్ మాత్రల గురించి చాలామంది అడుగుతారు. రోజుకు 2.5 మిల్లీగ్రాములు కొన్ని నెలలు వాడితే కొందరికి గోళ్లు గట్టిపడ్డాయి, అందరికీ పని చేయదు. థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని అది తారుమారు చేస్తుంది కాబట్టి, వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపి ల్యాబ్‌లో ఆ సంగతి చెప్పండి.

చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. మొత్తం కొత్త గోరు రావడానికి ఆరు నెలలు పడుతుంది. ఇప్పుడు చీలిన భాగం అతుక్కోదు, గోటి మొదలు నుంచి వచ్చే కొత్త గోరును కాపాడుకోవాలి.

ఒకే గోటిపై నిలువుగా నల్లటి గీత వచ్చి వెడల్పవుతున్నా, గోరు పసుపు రంగులో మందమై చర్మం నుంచి విడిపోతున్నా, సూదితో పొడిచినట్టు గుంటలు పడుతున్నా చర్మవైద్యుడికి చూపించండి. బెంగళూరులోని విక్టోరియా, బౌరింగ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ చర్మ విభాగాలున్నాయి. ఫంగస్ అనుమానం ఉంటే గోటి ముక్క పరీక్ష చేయించకుండా మందుల షాపులో యాంటీ ఫంగల్ మాత్రలు కొని మింగొద్దు.