చెడ్డ కబురు పైకి చేరే దారి
(పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు)

సంస్థల్లో నిజాయితీ గురించి, దానికి నాయకత్వం వహించే వారి బాధ్యత గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం. రాసినవారి పేర్లు, వారి సంస్థల పేర్లు తొలగించాం.

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ అకౌంట్స్ విభాగంలో పని చేస్తున్నాను. బ్యాంకులో క్యాష్ క్రెడిట్ (సరుకు, రావలసిన బాకీల హామీపై వాడుకునే అప్పు) పరిమితి పెంచుకునేందుకు, ఏప్రిల్ మొదటి వారంలో పంపే సరుకుకు మార్చి 31 తేదీతోనే బిల్లులు వేయమని మా ఎం.డి. గారు చెప్పారు. "సరుకు ఎటూ వెళ్ళేదే, డబ్బు ఎటూ వచ్చేదే, ఒక్క వారం తేడా" అంటున్నారు. ఆయన చెడ్డవారు కారు. మా అమ్మాయి ఆపరేషన్‌కు అడ్వాన్సు ఇచ్చి ఆదుకున్నారు. ఆయనకు కాదని చెప్పడం ఎలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: ఆయన చేసిన మేలును, ఆయన అడుగుతున్న పనిని మీరు ఒకే తక్కెడలో వేస్తున్నారు. మేలుకు జీవితాంతం కృతజ్ఞులై ఉండండి. ఆ రుణం తీర్చడానికి కంపెనీ లెడ్జరు తగిన చోటు కాదు.

ముందు ఆ "ఒక్క వారం" సంగతి చూద్దాం. మార్చి 31న సరుకు మీ గోడౌనులోనే ఉంటుంది. బిల్లు వేశారు కనుక దాని విలువ రావలసిన బాకీల్లోకి చేరుతుంది, కదలలేదు కనుక స్టాకులోనూ ఉంటుంది. ఒకే సరుకు రెండు పద్దుల్లో లెక్కకు వచ్చి, బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంటులో డ్రాయింగ్ పవర్, అంటే బ్యాంకు నుంచి తీసుకోగలిగే మొత్తం, ఆ మేరకు ఉబ్బుతుంది. అలా కాకుండా స్టాకులోంచి తగ్గించి చూపిస్తే, కళ్ళెదుట ఉన్న సరుకు పుస్తకాల్లో లేకుండా పోతుంది, స్టాక్ ఆడిట్‌కు వచ్చినవారు గోడౌనులో లెక్కపెట్టగానే ఆ తేడా బయటపడుతుంది. సరుకు రవాణాకు తీసుకునే ఈ-వే బిల్లు మీద ఏప్రిల్ తేదీ ఎలాగూ ఉంటుంది. పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఎంట్రీ ఏనాడు వేశారో, ఏనాడు మార్చారో నమోదయ్యే ఎడిట్ లాగ్ తప్పనిసరి అయింది. ఇక వచ్చే ఏడాది మార్చి సంగతి. ఏప్రిల్ అమ్మకాలు కొన్ని ముందే వాడేసుకున్నారు కనుక ఆ ఏడాది లెక్క గుంటతో మొదలవుతుంది. దానిని పూడ్చి, మళ్ళీ పెరుగుదల చూపాలంటే ఈసారి ఒక వారం చాలదు.

మన కళ్ళముందు జరిగిన, హైదరాబాదు ఐటీ సంస్థ సత్యం కంప్యూటర్స్ దొంగ లెక్కల వ్యవహారం పెరిగిన తీరు ఇదే. 2009 జనవరి 7న బోర్డుకు రాసిన లేఖలో ఆ సంస్థ వ్యవస్థాపకుడు, చైర్మన్ బి. రామలింగరాజు, వాస్తవ లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య మొదట స్వల్పంగా ఉన్న తేడా ఏళ్ళ తరబడి పెరుగుతూ పోయిందని రాశారు. 2008 సెప్టెంబరు త్రైమాసికంలో చూపిన ఆదాయం 2,700 కోట్ల రూపాయలు కాగా అసలు ఆదాయం 2,112 కోట్లు. చూపిన నిర్వహణ లాభం 649 కోట్లు కాగా అసలైనది 61 కోట్లు. పుస్తకాల్లో ఉన్న 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవు. పులి మీద స్వారీ చేస్తూ, దానికి ఆహారం కాకుండా దిగడం ఎలాగో తెలియలేదని ఆయన ఆ లేఖలోనే అన్నారు. ఆ లేఖలో నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది పులి కాదు, "స్వల్పంగా" అన్న ఆ మొదటి మాట.

మీకు నేరుగా సంబంధించిన విషయం మరొకటి ఉంది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం దోషులుగా తేల్చిన పదిమందిలో యజమానులతో పాటు ఫైనాన్స్ విభాగంలో పనిచేసిన ఉద్యోగులూ, ఇంటర్నల్ ఆడిట్ అధిపతీ ఉన్నారు. తర్వాత అప్పీలులో శిక్ష అమలు నిలిచి, వారికి బెయిలు దొరికిన మాట నిజమే. అయినా పైవారు చెప్పారు కనుక చేశాం అన్న మాట వారిని ఆ తీర్పు నుంచి కాపాడలేదు.

ఎం.డి. గారి దగ్గరకు వట్టి చేతులతో వెళ్ళకండి. చేతిలో ఉన్న ఆర్డర్ల జాబితా, వాటి డెలివరీ తేదీలు, గత మూడేళ్ళ ఏప్రిల్ అమ్మకాలు ఒక కాగితం మీద పెట్టి, వీటి ఆధారంగా బ్యాంకును అడ్‌హాక్ లిమిట్ (తాత్కాలికంగా పెంచిన పరిమితి) అడుగుదామని చెప్పండి. బిల్లు తేదీ మారిస్తే ఎక్కడెక్కడ దొరికిపోతామో పైన చెప్పినట్టే వివరించండి. చాలామంది యజమానులు అక్కడితో ఆగిపోతారు, ఎందుకంటే ఆ చిక్కులు అంతవరకు వారికి ఎవరూ చెప్పి ఉండరు. అప్పటికీ పట్టుబడితే, మీ అభ్యంతరాన్ని మర్యాదగా ఒక ఈ-మెయిల్‌లో పెట్టి, కంపెనీ ఆడిటరు అభిప్రాయం తీసుకుందామని కోరండి. ఆ తర్వాత ఆ ఎంట్రీ మీ లాగిన్‌తో మాత్రం వేయకండి, మీ లాగిన్ ఎవరికీ ఇవ్వకండి.

ప్రశ్న: మా కంపెనీలో విలువల పత్రం ఉంది, ప్రతి అంతస్తులోనూ పోస్టర్లు ఉన్నాయి, ఫిర్యాదులకు ఒక హాట్‌లైన్ కూడా ఉంది. హాట్‌లైన్ పెట్టినప్పటి నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు. మా పైవారు దీనిని విజయంగా వార్షిక నివేదికలో చేర్చమంటున్నారు. నాకెందుకో సందేహంగా ఉంది.
– ఒక హెచ్.ఆర్. అధికారిణి, హైదరాబాదు

సమాధానం: మీ సందేహం సరైనదేనమ్మా. వందల మంది పనిచేసే చోట ఒక్క ఫిర్యాదూ లేదంటే ఆ నంబరు ఎవరికీ తెలియకపోవాలి, లేదా అది ఎవరి బల్ల మీద మోగుతుందో అందరికీ బాగా తెలిసి ఉండాలి. పురస్కారాల మాటా అంతే. సత్యం కంపెనీకి కార్పొరేట్ పాలనలో శ్రేష్ఠతకు గోల్డెన్ పీకాక్ పురస్కారం 2008లోనే వచ్చింది. రామలింగరాజు లేఖ బయటపడ్డాక దానిని వెనక్కి తీసుకున్నారు.

ఫిర్యాదు చేసేవారికి ముందుగా వచ్చే భయం, తన పేరు ఎక్కడిదాకా వెళుతుందోనని. జాతీయ రహదారుల సంస్థలో ఇంజనీరుగా ఉన్న సత్యేంద్ర దూబే స్వర్ణ చతుర్భుజి (నాలుగు మహానగరాలను కలిపే రహదారి) పనుల్లో అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి రాస్తూ తన పేరు గోప్యంగా ఉంచమని కోరారు. ఆ ఉత్తరం పేరుతో సహా కార్యాలయాలు తిరిగింది. 2003 నవంబరులో గయలో ఆయనను కాల్చి చంపారు. అది దోపిడీ దొంగల పని అని దర్యాప్తు తేల్చింది. అయినా పేరు గోప్యంగా ఉంచలేకపోయిన సంగతి దేశమంతా చర్చకు వచ్చి, 2004లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి ఫిర్యాదులను స్వీకరించే బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించింది.

కంపెనీల విషయానికి వస్తే, 2013 నాటి కంపెనీల చట్టంలోని 177వ సెక్షన్ ప్రకారం లిస్టెడ్ కంపెనీలు, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునేవి, బ్యాంకులకు 50 కోట్లకు మించి అప్పు ఉన్నవి విజిల్ మెకానిజం (అక్రమాలపై ఫిర్యాదు చేసే వ్యవస్థ) ఏర్పాటు చేయాలి. ఫిర్యాదు చేసినవారిపై కక్ష సాధింపు లేకుండా చూడాలి. అవసరమైన సందర్భాల్లో వారు ఆడిట్ కమిటీ అధ్యక్షునితో నేరుగా మాట్లాడగలగాలి. మీ హాట్‌లైన్ ఎక్కడికి వెళుతోందో ముందు చూడండి. అది మీ విభాగం మీదుగా ఎం.డి. కార్యాలయానికి చేరుతున్నట్లయితే, ఎం.డి. మీద ఫిర్యాదు ఉన్నవారు దానిని ఎందుకు వాడతారు?

వార్షిక నివేదికలో "ఫిర్యాదులు సున్నా" అన్న వాక్యాన్ని అవసరమైనంత వరకే ఉంచి, దానిని గొప్పగా చెప్పుకోవడం మానేయమని సూచించండి. దానికన్నా పనికొచ్చే పని ఒకటి ఉంది. గత రెండు మూడేళ్ళలో ఎవరైనా మీటింగులో లేచి "ఇది సరి కాదు" అన్న సందర్భాలు గుర్తుచేసుకోండి. వారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు, వారి ఇంక్రిమెంటు ఎంత, ఏ ప్రాజెక్టు దక్కింది అన్నది మీ ఫైళ్ళలోనే ఉంటుంది. మీ ఉద్యోగులు పోస్టర్లు చదివి ఉండకపోవచ్చు, ఆ ముగ్గురు నలుగురికి ఏమైందో మాత్రం క్యాంటీన్‌లో అందరికీ తెలుసు. (పోస్టర్ల మీద నాకు ప్రత్యేకంగా కోపం లేదు, గోడకు మేకులు కొట్టడం తప్ప వాటివల్ల హాని కూడా లేదు.)

ప్రశ్న: నేను బ్యాంకు బ్రాంచి మేనేజరును. ప్రతి సాయంత్రం రీజినల్ ఆఫీసు నుంచి కాల్ వస్తుంది. ఎన్ని ఇన్సూరెన్స్ పాలసీలు, ఎన్ని కార్డులు అని అడుగుతారు. మా సిబ్బంది ఎఫ్.డి. చేయడానికి వచ్చిన పెద్దవారికి పాలసీలు అంటగడుతున్నారని నాకు తెలుసు. ఆపితే బ్రాంచి వెనకబడుతుంది, ఆపకపోతే నిద్ర పట్టడం లేదు.
– ఒక మేనేజరు, విశాఖపట్నం

సమాధానం: మీ ఉత్తరంలో ఉన్న పరిస్థితిలోనే అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు చిక్కుకుంది. ప్రతి ఖాతాదారుకు ఎనిమిది ఉత్పత్తులు అమ్మాలన్నది అక్కడి లక్ష్యం. ఆ లక్ష్యం అందుకోలేని సిబ్బంది ఖాతాదారులకు తెలియకుండా వారి పేరిట ఖాతాలు తెరిచారు, కార్డులు తీశారు. 2013 చివరలోనే లాస్ ఏంజెలస్ పత్రిక ఒకటి ఈ ఒత్తిడి గురించి రాసింది. 2016 సెప్టెంబరులో నియంత్రణ సంస్థలు 18.5 కోట్ల డాలర్ల జరిమానా విధించే నాటికి అటువంటి ఖాతాలు, కార్డులు ఇరవై లక్షల దాకా ఉండవచ్చని అంచనా వేశారు. అయిదేళ్ళలో సుమారు 5,300 మందిని ఉద్యోగాల నుంచి తీసేశామని బ్యాంకు చెప్పింది.

ఈ సంఖ్య దగ్గర కాస్త ఆగాలి. తప్పు చేసినవారిని ఏళ్ళ తరబడి తీసేస్తూ ఉన్నా తప్పు ఆగలేదు, ఎందుకంటే లక్ష్యాన్ని ఎవరూ ముట్టుకోలేదు. వేల మంది ఒకే రకమైన తప్పు చేస్తున్నప్పుడు దానిని వ్యక్తుల దుర్గుణంగా చూడడం పైవారికి సుఖంగా ఉంటుంది, అంతే. మరోవైపు, అనుమానాస్పదమైన లావాదేవీల గురించి పైకి చెప్పి 2010లో ఉద్యోగం పోగొట్టుకున్న ఒక వెల్స్ ఫార్గో మేనేజరుకు 54 లక్షల డాలర్లు చెల్లించి, తిరిగి పనిలోకి తీసుకోవాలని 2017లో అమెరికా కార్మిక శాఖ విభాగం ఆదేశించింది. అమ్మకాల లక్ష్యాలను బ్యాంకు రద్దు చేసింది కుంభకోణం బయటపడ్డాకే. ఆ వెంటనే, 2016 అక్టోబరులో, దాని అధిపతి జాన్ స్టంఫ్ పదవి వదులుకున్నారు.

లక్ష్యాలు నిర్ణయించే అధికారం మీకు లేదు, నిజమే. కాని మీ బ్రాంచిలో దేనిని కొలుస్తారన్నది కొంతవరకు మీ చేతిలోనే ఉంది. పాలసీ నచ్చకపోతే 30 రోజుల ఫ్రీ లుక్ గడువులో వెనక్కి ఇచ్చేయవచ్చని మీ కౌంటరులో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసిపెట్టండి. ఎఫ్.డి. కోసం వచ్చిన అరవై ఏళ్ళు దాటిన ఖాతాదారు ఎవరైనా పాలసీ తీసుకుంటే, ప్రతిపాదన పంపేముందు మీరే ఫోను చేసి, "అయ్యా, ఇది డిపాజిట్ కాదు, ఏటా ప్రీమియం కట్టాలి, ఈ సంగతి మీకు తెలుసు కదా?" అని అడగండి. కొన్ని పాలసీలు అక్కడే రాలిపోతాయి. రాలిపోయినవాటి లెక్క, రెండో ఏడాది ప్రీమియం కట్టకుండా వదిలేసిన పాలసీల లెక్క కలిపి నెలకొకసారి రీజినల్ ఆఫీసుకు రాతపూర్వకంగా పంపండి. సాయంత్రం కాల్‌లో అంకెలు చెప్పేటప్పుడు మీ గొంతు ఒంటరిదిగా ఉంటుంది. పెర్సిస్టెన్సీ (పాలసీలు కొనసాగే శాతం) పడిపోతోందన్న కాగితం మాత్రం బీమా కంపెనీకీ, మీ హెడ్డాఫీసుకూ ఇద్దరికీ నష్టం చూపించేది కనుక ఎవరో ఒకరు దానిని చదువుతారు.

ఈ ఏడాది మీ బ్రాంచి ర్యాంకు తగ్గవచ్చు. తగ్గదని మీకు హామీ ఇవ్వడం అబద్ధమవుతుంది.

ప్రశ్న: ప్రభుత్వ హాస్టళ్ళకు బల్లలు, మంచాలు సరఫరా చేసే చిన్న యూనిట్ నాది. చేయి తడపనిదే బిల్లు కదలడం లేదు. ఆ డబ్బును "టీ, టిఫిన్ ఖర్చులు" అని వోచరు రాయిస్తున్నాను. నేనే ఇలా చేస్తూ నా మనుషులను నిజాయితీగా ఉండమని ఏ ముఖంతో అడగను?
– ఒక పాఠకుడు, కరీంనగర్

సమాధానం: అడగలేరు. ఆ వోచరు రాసే కుర్రవాడికి, అబద్ధపు పద్దు రాయడం ఈ కొలువులో భాగమని మీరే నేర్పుతున్నారు. రేపు అతను తన కోసం అటువంటి వోచరే రాసుకుంటే దానిని పట్టుకోవడానికి మీ దగ్గర లెక్క ఉండదు.

చట్టపరంగా ఇది మీరు అనుకుంటున్న దానికన్నా పెద్ద విషయం. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో లంచం ఇవ్వడం కూడా నేరుగా నేరమైంది. బలవంతంగా ఇవ్వవలసి వచ్చినవారికి రక్షణ ఉంది, కాని ఇచ్చిన ఏడు రోజుల్లోగా దర్యాప్తు సంస్థకు తెలియజేయాలి. ముందే సమాచారం ఇచ్చి, వారికి సహకరిస్తూ ఇచ్చినవారికీ రక్షణ ఉంది. ఏ.సి.బి. (అవినీతి నిరోధక శాఖ) వలపన్ని పట్టుకునే కేసులు ఆ పద్ధతిలోనివే. తెలంగాణలో 1064 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోను చేయవచ్చు.

ఫిర్యాదు చేస్తే ఇక ఆ శాఖలో ఆర్డర్లు రావన్న భయం మీకు ఉంటుంది, అది ఉత్తి భయమని నేను అనను. అందుకని బిల్లు రాబట్టుకునే మరో దారి కూడా చెబుతాను. మీ యూనిట్‌కు ఉద్యమ్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ పోర్టల్) నమోదు ఉండి, సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ కిందికి వస్తే, 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. అభివృద్ధి చట్టం ప్రకారం సరుకు అందుకున్నవారు ఒప్పందం ఏదైనా సరే 45 రోజులకు మించకుండా చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. ప్రభుత్వ శాఖలకూ ఇది వర్తిస్తుంది. ఇందుకోసం ఉన్న ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు పెడితే అది రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు (ఇటువంటి బకాయి తగాదాలు తేల్చే సంఘానికి) వెళుతుంది. దరఖాస్తుకు పర్చేజ్ ఆర్డరు, ఇన్‌వాయిస్, హాస్టల్ వార్డెన్ సంతకం, తేదీ ఉన్న డెలివరీ చలానా కావాలి. ఇప్పటివరకు చలానాల మీద తేదీ వేయించుకోకపోయి ఉంటే ఈ వారం పంపే మంచాల నుంచే మొదలుపెట్టండి.