రేంజ్ ప్రాక్టీస్‌కి రూగర్ మార్క్ 4: కొన్నాక దానికి ఎంత సేవ చేయాలి?

మీరు అడిగినవి మూడు. గ్రీన్ కార్డు వచ్చింది, డల్లాస్ దగ్గర ఉంటారు, వీకెండ్ టార్గెట్ ప్రాక్టీస్‌కి .22 (అంగుళంలో 0.22 వంతు సన్నటి తూటా వాడే) పిస్టల్ కొంటే రూగర్ మార్క్ 4 మంచిదేనా? దాని మెయింటెనెన్స్ పెద్ద తలనొప్పా? ఎఫ్1 మీద చదువుకుంటున్న తమ్ముణ్ణి రేంజ్‌కి తీసుకెళ్లొచ్చా? నేనూ ఇక్కడే ఉంటాను, అదే పిస్టల్ కొన్నేళ్లుగా వాడుతున్నాను కాబట్టి చెప్తున్నా.

పిస్టల్ మంచిదే. రూగర్ కంపెనీ 1949లో మొదలైంది ఈ రకం .22తోనే, ఆ డిజైనే మారుతూ మారుతూ 2016లో మార్క్ 4 అయింది. దీనికి ముందున్న మార్క్ 3 గురించి పాతకాపులని అడగండి, కథలు కథలుగా చెప్తారు. విప్పడం ఒక ఎత్తు, తిరిగి బిగించడం పది ఎత్తులు. లోపల హ్యామర్ స్ట్రట్ అని చిన్న కాడ ఉంటుంది, అది సరైన చోట కూర్చోకపోతే పిస్టల్‌ని తలకిందులు చేసి, పక్కకి వంచి, రబ్బరు సుత్తితో తట్టి నానా తంటాలు పడాలి. ఆ భయంతోనే చాలామంది ఏళ్ల తరబడి విప్పకుండా వాడేవాళ్లు. మార్క్ 4లో ఆ బాధ లేదు. మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసి, చాంబర్ (పేలేముందు తూటా కూర్చునే గది) ఖాళీ అని కంటితో చూసి, సేఫ్టీ వేసి, వెనకాల ఉన్న బటన్ నొక్కితే పైభాగం మడత కుర్చీలా లేచి చేతికొస్తుంది. బోల్ట్, అంటే తూటాని చాంబర్‌లోకి తోసి వెనక నుంచి మూసే కడ్డీ, వెనక నుంచి జారి బయటికొస్తుంది. అంతే.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఒక్కటి మాత్రం చూసుకోండి. 2017 జూన్ 1కి ముందు తయారైన మార్క్ 4లని కంపెనీ వెనక్కి పిలిచింది. సేఫ్టీ మీట అటూ ఇటూ కాకుండా మధ్యలో ఆగినప్పుడు ట్రిగ్గర్ నొక్కితే, తర్వాత మీటని ఫైర్ వైపు తోసినప్పుడు పేలే ప్రమాదం ఉండటమే కారణం. సీరియల్ నంబర్ కంపెనీ సైట్‌లో కొడితే రిపేర్ అయిందో లేదో తెలిసిపోతుంది. అమ్మేవాడి మాట మీద వదిలేయకండి.

మోడళ్లలో 5.5 అంగుళాల లావు బ్యారెల్ ఉన్న టార్గెట్ మోడల్ నా ఓటు. స్టీల్ ఫ్రేమ్‌ది కిలో దాటి ఉంటుంది, మొదట్లో భుజం లాగుతుంది. ఆ బరువే చేతి వణుకుని మింగేస్తుంది. తేలిగ్గా ఉండే 22/45 లైట్ షాపులో పట్టుకుంటే ముద్దుగా ఉంటుంది గానీ, 25 గజాల్లో గుంపు (టార్గెట్ మీద పడ్డ రంధ్రాల గుంపు) చిన్నది కావాలంటే ముద్దు పనికిరాదు.

ఇక అసలు సంగతి. .22కి గొడవలన్నీ పిస్టల్ వల్ల కాదు, ఆమో (తూటాలు) వల్ల. పెద్ద తూటాల్లో మందుని అంటించే ప్రైమర్ వెనక మధ్యలో విడిగా ఉంటుంది. .22లో ఆ ప్రైమర్ మందుని ఇత్తడి గుల్ల అంచులోకే గిర్రున తిప్పి పరుస్తారు. అంచులో ఒకచోట మందు సరిగ్గా పట్టకపోయి, ఫైరింగ్ పిన్ సరిగ్గా అక్కడే తగిలిందా, టిక్ మని ఊరుకుంటుంది. అలా జరిగితే తూటాని వెంటనే తీయకండి. మూతి టార్గెట్ వైపే ఉంచి ఓ అర నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలేవి కూడా ఉంటాయి. తర్వాత తీసి చూస్తే అంచు మీద పిన్ దెబ్బ స్పష్టంగా కనిపిస్తుంది. దెబ్బ గట్టిగా పడి ఉంటే తప్పు తూటాది. పల్చగా గీసినట్టుంటే మీ బోల్ట్ లోపల మురికి పేరుకుంది. ఈ ఒక్క గుర్తు చూడటం వస్తే సగం గొడవలకి మూలం మీరే చెప్పేయగలరు.

దీనికంటే ప్రమాదమైనది ఇంకోటి ఉంది. పెద్ద చప్పుడు రావాల్సిన చోట 'టప్' మని నీరసంగా వినిపిస్తే అక్కడితో ఆపేయండి. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుపోయి ఉండొచ్చు. దాని వెనకాల ఇంకోటి పేల్చారంటే బ్యారెల్ పోతుంది, మీ వేళ్ల సంగతి దేవుడెరుగు. విప్పి, బ్యారెల్ లోంచి వెలుతురు కనిపిస్తుందో లేదో చూశాకే మళ్లీ మొదలుపెట్టాలి.

చవక అని వందల రౌండ్ల బల్క్ డబ్బా ఒకేసారి కొనేయకండి. నేను మొదట్లో తెచ్చిన ఒక బల్క్ డబ్బాలో టిక్‌మనేవి ఎక్కువ, మసి ఇంకా ఎక్కువ. మూడు నాలుగు రకాలు ఒక్కో చిన్న పెట్టె తెచ్చి, బల్ల మీద ఆనించి, 25 గజాల్లో పదేసి రౌండ్లు కాల్చి కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే మోడల్ పిస్టల్స్ రెండున్నా వాటి ఇష్టాలు వేరుగా ఉంటాయి. బుల్స్‌ఐ (పిస్టల్ టార్గెట్ పోటీ) ఆడేవాళ్లలో చాలామంది 40 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) స్టాండర్డ్ వెలాసిటీ వాడతారు, సీసీఐ అనే తూటాల కంపెనీది సెకనుకి 1070 అడుగుల వేగం. ఇది శబ్ద వేగం కంటే తక్కువ, దెబ్బ మెత్తగా ఉంటుంది. మీ పిస్టల్ దీంతో బోల్ట్ పూర్తిగా తోయలేక ఇబ్బంది పెడితే అదే కంపెనీ మినీ-మ్యాగ్ లాంటి హై వెలాసిటీకి వెళ్లండి. రౌండ్ పది సెంట్ల అటూ ఇటూ పడుతుంది. 9 ఎంఎం పెద్ద తూటాలతో పోలిస్తే జేబు హాయిగా ఉంటుంది, ఎక్కువసేపు ప్రాక్టీస్ చేయొచ్చు.

క్లీనింగ్ దగ్గర మనవాళ్లు రెండు రకాలు. అస్సలు ముట్టుకోని వాళ్లు, ప్రతిసారీ బ్యారెల్‌ని అరిగిపోయేలా తోమేవాళ్లు. నేను చేసేది ఇదీ. రేంజ్ నుంచి వచ్చిన ప్రతిసారీ బోల్ట్ ముఖం, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ గుల్లని బయటికి లాగే) కొక్కెం కింది సందు, చాంబర్ మూతి తుడుస్తాను. .22 బుల్లెట్‌కి బయట మైనం పూత ఉంటుంది. అది మసితో, సీసంతో కలిసి ఆ సందులో నల్లటి జిగురు గట్టులా తయారవుతుంది. పాత టూత్ బ్రష్, సాల్వెంట్ చుక్క, చివర చెక్కిన వెదురు పుల్ల చాలు. ఆ గట్టు పోతే ఖాళీ గుల్లలు బయటికి రాక ఇరుక్కోవడం చాలావరకు పోతుంది. బ్యారెల్ మాత్రం గుంపులు చెదురుతున్నాయనిపించినప్పుడే. అదీ చాంబర్ వైపు నుంచి పూత ఉన్న రాడ్‌తో. మూతి వైపు నుంచి స్టీల్ రాడ్ దూరిస్తే మూతి అంచు అరిగి గురి శాశ్వతంగా పాడవుతుంది. నూనె బోల్ట్ పక్కల మీద ఒక్క చుక్క. పిండివంట కాదు కదా, ముంచొద్దు. నూనె ఎక్కువైతే మసిని పట్టి పేస్టు చేస్తుంది.

మ్యాగజైన్ కూడా చూసుకోండి. పది రౌండ్లు పడతాయి. పక్కనున్న బొత్తాన్ని బొటనవేలితో లాగి నింపేటప్పుడు ఎక్కువ కిందికి లాగేస్తే తూటాలు వదులుగా పడి ముక్కులు కిందికి వాలతాయి, తర్వాత ఒకటీ సరిగ్గా ఎక్కదు. ఒక్కో తూటాకి సరిపడా మాత్రమే లాగండి. బొటనవేలు నొప్పి పుడితే చవకలో ప్లాస్టిక్ లోడర్లు దొరుకుతాయి.

ఇంట్లో డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే ప్రాక్టీస్) చేయొచ్చా అని అడగలేదు గానీ, అడుగుతారు. ఫైరింగ్ పిన్‌ని ఆపే చిన్న అడ్డ పిన్ బోల్ట్‌లో ఉన్నంతవరకు చేయొచ్చని కంపెనీ మాన్యువలే చెప్తుంది. బోల్ట్ పూర్తిగా విప్పినప్పుడు ఆ అడ్డ పిన్‌ను మర్చిపోయి బిగిస్తే, ఫైరింగ్ పిన్ నేరుగా చాంబర్ అంచుకి తగిలి దాన్ని నొక్కేస్తుంది. అనుమానంగా ఉంటే హోమ్ డిపోలో దొరికే 4-6 నంబర్ పసుపు ప్లాస్టిక్ డ్రైవాల్ యాంకర్ ఒకటి చాంబర్‌లో పెట్టుకోండి, సరిగ్గా సరిపోతుంది. ఇంకో మాట, మ్యాగజైన్ లోపల లేకపోతే మార్క్ 4 ట్రిగ్గర్ పనిచేయదు. ఖాళీ మ్యాగజైన్ పెట్టాలి. అది ఖాళీదేనని రెండుసార్లు చూడాలి, తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు.

సీసం గురించి మనవాళ్లు అసలు పట్టించుకోరు. బుల్లెట్‌లో సీసం, అంచులోని మందులోనూ సీసమే. ఇండోర్ రేంజ్‌లో గంట నిలబడితే చేతుల మీదా, చొక్కా మీదా కంటికి కనిపించని పొడి ఉంటుంది. మనం చేత్తో కలుపుకుని తినేవాళ్లం. రేంజ్ నుంచి నేరుగా బిర్యానీకి పోయే అలవాటు పెట్టుకోకండి. చల్లటి నీళ్లు, సబ్బుతో మోచేతి దాకా కడగండి. చిన్నపిల్లలుంటే చొక్కా మార్చాకే ఎత్తుకోండి. మెడ మూసే చొక్కా వేసుకెళ్లడం కూడా మంచిదే, వేడి గుల్ల కాలర్‌లో పడితే పిస్టల్ చేతిలో ఉందన్న సంగతి మర్చిపోయి గంతులేసేవాళ్లని చూశాను.

పిల్లల మాట వచ్చింది కాబట్టి: టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకి పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ అందేలా పెట్టడం నేరం. అల్మారాలో చీరల కింద దాచడం భద్రత కాదు. చిన్న లాక్ బాక్స్ కొనండి, తూటాలు వేరే చోట పెట్టండి.

కొనేటప్పుడు డీలర్ దగ్గర 21 ఏళ్లు నిండి ఉండాలి. 4473 అనే తుపాకీ కొనుగోలు ఫారం నింపి, మీ గ్రీన్ కార్డు మీదున్న యూఎస్‌సీఐఎస్ నంబర్ రాస్తే బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. గ్రీన్ కార్డు ఉంటే ఇబ్బంది లేదు.

తమ్ముడి సంగతి వేరు. ఎఫ్1, హెచ్1బీ, విజిటర్ వీసా, ఇవన్నీ నాన్-ఇమిగ్రెంట్ వీసాలే. ఫెడరల్ చట్టం ప్రకారం వాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండకూడదు, రేంజ్‌లో కాసేపు చేతిలోకి తీసుకున్నా అందులోకే వస్తుంది. కొన్ని మినహాయింపులున్నాయి, మనవాళ్లకి పనికొచ్చేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. తమ్ముడి దగ్గర అది లేకపోతే చేతికివ్వకండి, ఫోటో కోసం కూడా వద్దు. అమ్మానాన్న వచ్చినప్పుడూ ఇదే. లైసెన్సు తీసుకుందామనుకుంటే ముందు వాడి ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక మాట మాట్లాడమనండి, వీసా మీద మచ్చ పడితే పోయేది వాడి చదువు.