బుజ్జీ, తెప్ప కొను, దోనె కాదు

చి. బుజ్జికి, మామయ్య ఆశీస్సులు.

సముద్రంలో చేపలు పట్టడానికి కొంటానని నువ్వు పంపిన మూడు కయాక్‌ల (తెడ్డు వేసుకుని ఒక్కరు నడుపుకునే చిన్న పడవల) ఫోటోలూ చూశాను. ఫోన్లో చెబితే సగం విని, మిగతా సగానికి మీటింగ్ ఉందంటావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ఆ 10 అడుగుల చవకదాన్ని ముందు పక్కన పెట్టెయ్. అది కాళ్ళు లోపలికి దూర్చి కూర్చునే రకం. చెరువులకీ, నెమ్మదిగా పారే ఏళ్ళకీ సరిపోతుంది. ఉప్పునీళ్ళకి పనికిరాదు. నాకెలా తెలుసంటే, నేను కొన్న మొదటి కయాక్ అచ్చం అలాంటిదే.

ఏప్రిల్ నెల. టెక్సాస్ తీరంలో గాల్వెస్టన్ దీవి వెనక ఉన్న వెస్ట్ బే అనే అఖాతంలో పొద్దున్నే దిగాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పదకొండు అయ్యేసరికి ఆగ్నేయం గాలి లేచింది. కెరటం అడుగు ఎత్తు కూడా లేదు, కానీ ఒక్కోటీ నా ఒళ్ళోకే వచ్చి పడుతోంది. అలాంటి పడవలోకి నీళ్ళు ఒకసారి వస్తే బయటికి పోయే దారి లేదు. పెరుగన్నం తెచ్చుకున్న డబ్బాతోనే తోడడం మొదలుపెట్టాను. తోడేకొద్దీ పడవ కుంగుతోంది, లోపలి నీళ్ళు అటూ ఇటూ ఊగుతున్నాయి, ఒక ఊపుకి బోల్తా కొట్టింది. అదృష్టం బాగుండి అక్కడ ఛాతీ లోతే. దిగి నిలబడ్డ చోట ఆల్చిప్పల గుట్ట, మడమ చర్రున తెగింది. నీళ్ళు నిండిన పడవని ఒడ్డుదాకా ఈడ్చేసరికి నా పని అయిపోయింది. మీ అత్తకి ఆల్చిప్ప సంగతి చెప్పాను గానీ, బోల్తా కొట్టిన సంగతి ఇంతవరకూ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

మీ నాన్నగారి వైపు కొల్లేట్లో తాటి దోనెలు చూశావు కదా? తాటి మానుని తొలిచి, ఆ తొర్రలో కూర్చుంటారు. కదలని నీటికి అది చాలు. మీ అమ్మా నేనూ చిన్నప్పుడు భీమిలి ఒడ్డున చూసినవి మాత్రం తెప్పలు. నాలుగు దుంగలు తాళ్ళతో కట్టినవి. కెరటం మీదికొచ్చి పడేది, దుంగల సందుల్లోంచి కిందికి జారిపోయేది, మనిషి మాత్రం పైన ఉండేవాడు. తెప్పలో నీళ్ళు నిలబడడానికి చోటే లేదు. మూసిన డొల్ల మీద కూర్చునే కయాక్ చేసేదీ అదే పని. అడుగున స్కప్పర్లని కన్నాలుంటాయి, పైన పడ్డ నీళ్ళు వాటిలోంచి సముద్రంలోకే పోతాయి. బోల్తా పడ్డా మునగదు, తిరగేసి మళ్ళీ పైకెక్కొచ్చు. కాబట్టి నువ్వు కొనాల్సింది తెప్ప.

ఇక నీ మనసు పడ్డది, కాళ్ళతో తొక్కి నడిపే ఆ పెడల్ కయాక్. మంచిదే, కాదనను. చేతులు ఖాళీగా ఉంటాయి, ఎదురుగాలిలో కాళ్ళ బలంతో వచ్చేయొచ్చు. హోబీ కంపెనీ వాళ్ళు 1997లో రెక్కల్లా ఆడే పెడల్ తెచ్చినప్పటి నుంచి చేపలు పట్టేవాళ్ళు దానికి అలవాటు పడిపోయారు. కానీ సీటు, పెడల్, చుక్కాని అన్నీ కలిపి నువ్వు చూసినది 120 పౌన్లు. మన ఇండియన్ స్టోర్లో 20 పౌన్ల సోనా మసూరి బస్తాలుంటాయి కదా, అవి ఆరు ఒకేసారి ఎత్తి కారు మీద పెట్టు, చూద్దాం. నీది సెడాన్. చాలా సెడాన్లకి పైకప్పు మోయగల బరువు, మీద బిగించే రాక్‌తో కలిపి, 165 పౌన్లో, అంతకన్నా తక్కువో ఉంటుంది. నీ కారు మాన్యువల్ ఒకసారి తీసి చూసుకో. పైగా నువ్వుండేది రెండో అంతస్తు. పడవ బరువు మోయలేక గరాజుల్లో దుమ్ము పట్టించినవాళ్ళు నాకు నలుగురు తెలుసు.

ఇంకో సంగతి. అడుగున తిరిగేది ఏదైనా సరే, ఉప్పూ ఇసుకా దానికి శత్రువులు. ఇంటికొచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడగాలి. నువ్వుండే కేటీ నుంచి గాల్వెస్టన్ పోను గంటన్నర, రాను గంటన్నర. ఆదివారం సాయంత్రం ఒళ్ళు హూనమై వచ్చి నువ్వు పెడల్ కడుగుతావా? నిజం చెప్పు. మొదటి రెండేళ్ళు తెడ్డుతో వెళ్ళు. ఏ నీళ్ళలో తిరుగుతావో తెలిశాక పెడల్ సంగతి ఆలోచిద్దాం. మోటారు జోలికి అసలు పోకు. తెడ్డుతో నడిచే కయాక్‌కి టెక్సాస్‌లో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చిన్న బ్యాటరీ మోటారు తగిలించినా కావాలి.

నా ఓటు పెర్ల్యాండ్‌లో అమ్మకానికి పెట్టిన ఆ 12 అడుగుల పాత తెప్ప రకానికి. అంతకన్నా పొట్టిదైతే తెడ్డు వేసిన వైపల్లా ముక్కు తిప్పుతుంది, పొడుగుదైతే మోయలేవు. వెడల్పు 32 అంగుళాలన్నాడు, సరిపోతుంది. ఇంకా వెడల్పైనవాటిలో నిలబడొచ్చని మురిపిస్తారు గానీ, గాల్లో ఈడ్వలేక చస్తాం. 350 పౌన్లు మోస్తుందని రాసి ఉంటే మూడింట రెండు వంతులే లెక్కేసుకో. నువ్వు, ఐస్ డబ్బా, గేలాలు, నీళ్ళు కలిపి అందులోపే ఉండాలి. అంచుదాకా నింపితే స్కప్పర్లలోంచి నీళ్ళు కిందికి పోవు, పైకొస్తాయి.

పాతది కదా, జాగ్రత్తగా చూడాలి. ముందు బోర్లా వేయించు. వెనక చివర, సిమెంటు ర్యాంపు మీద ఈడ్చేచోట బొటనవేలితో నొక్కు. మిగతా చోట్ల కన్నా మెత్తగా లోపలికి పోతే ప్లాస్టిక్ అరిగి పలచబడిందన్నమాట. తర్వాత స్కప్పర్ అంచుల చుట్టూ గోరు తిప్పు. కయాక్‌ని ఒడ్డుదాకా లాక్కెళ్ళే కొన్ని చక్రాల బండ్ల కడ్డీలు ఆ కన్నాల్లోకే దూరతాయి, బరువంతా అక్కడ పడి వెంట్రుకంత చీలికలొస్తాయి. కంటికి కనబడవు, గోటికి తగులుతాయి. అనుమానమొస్తే ముందువైపు మూత తీసి డొల్లలోకి బకెట్ నీళ్ళు పోసి, అటూ ఇటూ వంచి, అడుగున ఎక్కడైనా చెమ్మ ఊరుతుందేమో చూడు. స్క్రూల చుట్టూ తుప్పు కారి ఉంటే స్టెయిన్‌లెస్‌వి వేసుకోవచ్చు, దానికి బేరమాడు. అడుగు కాస్త సొట్టపడితే కంగారొద్దు, టెక్సాస్ ఎండకి, కారు మీద కట్టే పట్టీల కింద అలా వంగుతుంది, ఎండలో బోర్లిస్తే చాలాసార్లు అదే పొంగుతుంది.

మిగిలిన డబ్బుతో గేలాలు కొనకు. లైఫ్ జాకెట్ కొను, వీపు పైభాగంలోనే దిండు ఉన్నది, సీటుకి అడ్డురాదు. పడవలో ఉంటే చాలంటుంది చట్టం, నేను మాత్రం తొడుక్కోమంటాను. ఒక ఈల, తెడ్డుకి కట్టే తాడు, మందపాటి అడుగున్న బూట్లు. వేసవిలో వెచ్చటి ఉప్పునీళ్ళలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉంటుంది, తెగిన చోట దూరితే ప్రాణం మీదికి తెస్తుంది. గాయమైతే వెంటనే సబ్బుతో కడుగు, ఎర్రబడి వాస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పో.

కొన్న మొదటి రోజు చేపల మాటెత్తకు. ఛాతీ లోతు నీళ్ళలో కావాలనే బోల్తా కొట్టించు. తిరగేసి, అవతలి అంచు పట్టుకుని, కాళ్ళు కొట్టుకుంటూ పొట్ట మీద పాకి, వెల్లకిలా తిరిగి సీట్లో కూర్చుని, ఆఖరున కాళ్ళు లోపలికి. పదిసార్లు ఎక్కేదాకా లోతుకి పోవద్దు. గాలి సంగతి కూడా చూసుకో. గాల్వెస్టన్ బే సగటు లోతు 7 అడుగులే, కాస్త గాలికే కెరటం లేస్తుంది. చలికాలంలో ఉత్తరం గాలి గట్టిగా వీస్తే బేలో నీళ్ళని సముద్రంలోకి తోసేస్తుంది, పొద్దున నువ్వు తేలుతూ వెళ్ళిన చోట తిరిగొచ్చేసరికి బురద ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా చూసుకో.

చేపలు పట్టే లైసెన్స్ తీసుకునేటప్పుడు ఉప్పునీళ్ళ ఎండార్స్‌మెంట్ (సముద్రపు నీళ్ళకి అదనపు అనుమతి) మర్చిపోకు. రెడ్‌ఫిష్ అనే చేపలు 20 నుంచి 28 అంగుళాల లోపువి రోజుకి మూడు ఉంచుకోవచ్చు. ఒక్కటి తెచ్చినా చాలు, మీ అత్త పండుగప్ప పులుసు పెట్టినట్టే పెడుతుంది.

శనివారం పెర్ల్యాండ్ వెళ్ళేటప్పుడు నన్నూ ఎక్కించుకో. బకెట్ నేను తెస్తాను.

మీ మామయ్య