రాతప్రతుల బొమ్మలు చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ హిస్టరీ ఫైనలియర్. మధ్యయుగాల రాతప్రతుల్లోని బొమ్మల మీద పరిశోధన చేస్తానంటోంది. మాకేమో టెన్షన్‌గా ఉంది. దీంతో బతకగలదా? – ఒక తండ్రి, వరంగల్

జవాబు: బతకగలదండి, కాకపోతే ఆలస్యంగా స్థిరపడుతుంది. ఎంఏ, పీహెచ్‌డీ అయ్యేసరికి ముప్ఫై దగ్గర పడతాయి. ఈ విషయం ఇప్పుడే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి.

పని ఎలా ఉంటుందో చెబుతాను. 14, 15 శతాబ్దాల్లో గుజరాత్, రాజస్థాన్ జైనులు బొమ్మలతో రాయించిన కల్పసూత్రం (తీర్థంకరుల జీవితాలు చెప్పే జైన గ్రంథం) ప్రతులే చూడండి. లేఖకుడు బొమ్మకు చోటు వదిలి రాసుకుంటూ పోతే, చిత్రకారుడు తర్వాత నింపేవాడు. ఏ బొమ్మ వేయాలో కొన్ని ప్రతుల్లో అంచున చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. తాటాకు పోయి కాగితం వచ్చినా పేజీని చాలాకాలం అడ్డంగా, పొడుగ్గానే ఉంచారు. తాటాకుల్ని కట్టే దారం కోసం వేసే రంధ్రం ఇప్పుడు అక్కర్లేకపోయినా ఆ చోట రంగు చుక్క పెట్టారు. చాలా ప్రతుల చివర ఎవరు రాయించారో, ఎప్పుడు పూర్తయిందో ఉంటుంది. ఇవన్నీ చదవగలిగితేనే ఆ బొమ్మ ఎప్పటిదో, ఎవరి కోసం వేశారో చెప్పగలం.

అందుకే కాలేజీ సంగతి తర్వాత, ముందు భాష మొదలుపెట్టించండి. మన పిల్లలు ఇంటర్‌లో మార్కుల కోసం తీసుకునే సంస్కృతం ఇందుకు ఏ మాత్రం చాలదు. కల్పసూత్రాలకు సంస్కృతంతో పాటు ప్రాకృతం కావాలి. బీజాపూర్, గోల్కొండ చిత్రాల మీద మనసుంటే ఫారసీ నేర్చుకోవాలి. అది హైదరాబాద్‌లోనే మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో చెబుతారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫారసీ ప్రతులూ ఉన్నాయి. నన్నడిగితే మన ప్రాంతపు అమ్మాయికి ఈ రెండో దారే అనువు.

ఎంఏకు బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీ, జేఎన్‌యూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ చూడండి. నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు వస్తాయి కాబట్టి పీహెచ్‌డీ ఖర్చు మీ మీద పడదు. అందుకని నెట్‌ను అసలు తేలిగ్గా తీసుకోవద్దు.

ఆ తర్వాత యూనివర్సిటీలో పాఠాలు చెప్పడం, మ్యూజియంలో క్యూరేటర్, వేలం సంస్థల్లో నిపుణురాలు, రాతప్రతుల డిజిటైజేషన్, కేటలాగు పనులు ఉంటాయి. పర్మనెంట్ పోస్టులు తక్కువ, చాలావరకు కాంట్రాక్టులే. అయితే పాత లిపి తడుముకోకుండా చదివేవాళ్లు అంతకంటే తక్కువ. ఏడాది పాటు భాష నేర్చుకున్నాక కూడా మీ అమ్మాయికి ఆసక్తి తగ్గకపోతే ధైర్యంగా పంపండి.