ఐదొందల ర్యాంకు ఆటగాడి గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. ఐదొందల దరిదాపుల్లో ర్యాంకున్న మన హైదరాబాద్ టెన్నిస్ కుర్రాడు ట్యునీషియాలోని మొనాస్టిర్‌లో ఆడుతుంటే, నువ్విక్కడ ఆఫీసులో దొంగచాటుగా లైవ్ స్కోరు చూస్తున్నావంటే ముచ్చటేసింది. కానీ మొదటి పేరాలోనే ‘రేపటి సానియా’ అన్నావు చూడు, అది తీసెయ్. 2005లో సానియా ఈ ఊళ్లోనే డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టూర్) టైటిల్ గెలిచింది. అప్పట్నుంచీ ఇక్కడ రాకెట్ పట్టిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఎవరో ఒకరు ఆ బరువు తగిలిస్తూనే ఉన్నారు.

అతను ఆడేవి ఎం15లు, అంటే మగవాళ్ల ప్రొఫెషనల్ టెన్నిస్‌లో అట్టడుగు మెట్టు టోర్నీలు. పాతకాపులు ఇప్పటికీ ఫ్యూచర్స్ అనే అంటారు. టోర్నీ మొత్తానికి ప్రైజ్‌మనీ 15 వేల డాలర్లు. టైటిల్ కొడితే 15 ర్యాంకింగ్ పాయింట్లు, సెమీస్‌లో ఓడితే 4. తొలి రౌండ్‌లోనే పోతే పాయింట్లు సున్నా, చేతికొచ్చేది 156 డాలర్లు. హోటలు, తిండి, రాకెట్ గట్టింగ్ (తీగలు బిగించడం), పన్ను అన్నీ అందులోంచే. ఈ లెక్కలు నీ వ్యాసంలో ఎక్కడా లేవు. ‘ర్యాంకు దిగజారింది’ అని మాత్రం పదేపదే ఉంది.

ఎందుకు దిగజారిందో చూశావా? నిరుడు గెలిచిన టైటిల్ తాలూకు 15 పాయింట్లు 52 వారాలు తిరిగేసరికి రాలిపోతాయి. అదే వారం ఈసారి సెమీస్ దాకా వచ్చినా 11 పాయింట్లు పోయినట్టే. బాగా ఆడినవాడు కిందికి జారొచ్చు, ఆడకుండా ఇంట్లో కూర్చున్నవాడు నాలుగు మెట్లు ఎక్కనూవచ్చు. కాబట్టి ప్రతి సోమవారం ర్యాంకు చూసి సంబరపడటం, దిగులుపడటం మానెయ్.

దానికి బదులు ఏ వారం ఏ టోర్నీకి పేరిచ్చాడో చెప్పే ఎంట్రీ లిస్టులు చూడు. ఇలాంటి ఆటగాడు ఎలాంటివాడో ఫోర్‌హ్యాండ్ కంటే అవే బాగా చెబుతాయని నా నమ్మకం. మొనాస్టిర్‌లోనే ఉండి, సీడ్‌గా (అక్కడున్నవాళ్లలో మెరుగైన ర్యాంకు వాడిగా) ఆడి నాలుగైదు పాయింట్లు ఏరుకోవాలా? ఎం15ల కంటే పై మెట్టు టోర్నీ అయిన ఛాలెంజర్ క్వాలిఫయింగ్‌కి (మెయిన్ డ్రాలో చోటు కోసం ఆడే ముందు రౌండ్లకి) వెళ్లి, తనకంటే గట్టివాళ్ల చేతిలో ఓడినా సరేననుకోవాలా? సుమారు 230లోపు ర్యాంకుకి చేరితే గ్రాండ్‌స్లామ్ క్వాలిఫయింగ్ తలుపు తెరుచుకుంటుంది. అక్కడ మొదటి మ్యాచ్ ఓడినా వచ్చే సొమ్ము అరడజను ఎం15 టైటిళ్ల కంటే ఎక్కువ. ఈ ఆశకీ, ఈ నెల టికెట్ ఖర్చుకీ మధ్య అతను ఏ వారం ఏం ఎంచుకున్నాడు, ఎవరిని అడిగి ఎంచుకున్నాడు? నీ వ్యాసం అక్కడుంది.

మన తెలుగు టెన్నిస్ ఆటగాడు సాకేత్ మైనేనినే తీసుకో. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం వచ్చినప్పుడు అందరూ రాశారు. అదే ఏడాది ఇండోర్‌లో ఛాలెంజర్ గెలిస్తే అంత పట్టించుకోలేదు. 2016 యూఎస్ ఓపెన్‌లో మూడు క్వాలిఫయింగ్ రౌండ్లు దాటి మెయిన్ డ్రాకి వచ్చాడు. చెక్ ఆటగాడు యిరీ వెసెలీ మీద ఐదో సెట్‌లో మ్యాచ్ పాయింట్ దాకా వెళ్లాడు. కండరాలు పట్టేసి, 5-7తో ఆ సెట్ పోయింది. అప్పటికతనికి 28 ఏళ్లు. నాకైతే ఆ మ్యాచ్ పాయింట్ కంటే, 28 ఏళ్ల దాకా అతన్ని ఈ టూర్‌లో నిలబెట్టినదేమిటో చదవాలనుంటుంది. అది రాసినవాళ్లు తక్కువ.

ఇంకో సంగతి. ఎల్బీ స్టేడియంలోనో, ఇంకెక్కడో ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నీ చూడటానికి వెళ్తే ఫోన్ జేబులో పెట్టి, నోట్‌బుక్ పట్టుకెళ్లు. గ్యాలరీలో కూర్చుని ప్రతి పాయింటుకీ ఫోన్‌లో టైప్ చేస్తుంటే, పందేలవాళ్లకి స్కోరు చేరవేస్తున్నావనుకుని బయటికి పంపేస్తారు. ఆ పందేలవాళ్లే, ఓడిన కుర్రాళ్లకి రాత్రికి రాత్రి బూతు మెసేజ్‌లు పెట్టేది. అతనికి నమ్మకం కుదిరాక దాని గురించి కూడా అడుగు. డబ్బు సంగతి మాత్రం తల్లిదండ్రుల్ని మొదటి రోజే అడక్కు. మోకాలి నొప్పి గురించి అతను చెప్పకముందు నువ్వు రాయకు, ప్రత్యర్థులూ చదువుతారు.

డబుల్స్ భాగస్వామి గురించి రాసిన రెండు వాక్యాలూ బాగున్నాయి. గది అద్దె పంచుకుంటూ, మరుసటి వారం సింగిల్స్‌లో ఒకరికొకరు ఎదురుపడటం... అది రెండు పేజీల సరుకు. వ్యాసాన్ని అక్కడ మొదలుపెట్టి, దసరాలోపు మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
నీ అన్న
హిమాయత్‌నగర్