చాటలో కనబడిన పురుగు గురించి చెల్లెలికి

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలికి, హన్మకొండ నుంచి అన్నయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో నీవు చెప్పిన సంగతి మనసులో నుంచి పోవడం లేదు. చాటలో బియ్యం చెరుగుతుండగా నల్ల పురుగు కనబడి ఏరబోతే అది పక్కకు జారిందనీ, చూపు తిప్పిన వైపల్లా వెంట వచ్చిందనీ అన్నావు. అది బియ్యంలోని పురుగు కాదమ్మా, నీ కంటిలోని నీడ.

కనుగుడ్డు లోపల విట్రియస్ అనే జిగురు లేత తాటిముంజె గుజ్జులాగా నిండి ఉంటుంది. అందులో నూటికి 98 పాళ్లకు పైగా నీరే. సన్నని పోగులు ఆ నీటిని జిగురుగా పట్టి ఉంచుతాయి. వయసు 50 దాటిన తరువాత చాలామందిలో ఆ జిగురు కొంత నీరై, కుంచించుకుపోయి, పోగులు ముద్దకడతాయి. వాటి నీడ వెనుక గోడకు పరుచుకొని ఉన్న రెటీనా అనే చూపు పొర మీద పడినప్పుడు మనకు చుక్కలుగా, దోమలుగా, వెంట్రుకలుగా కనబడుతుంది. కొంతకాలానికి జిగురు రెటీనా నుంచి విడివడుతుంది. ఎక్కువమందికి దానివల్ల హాని ఉండదు, చుక్కలు కూడా కొన్ని నెలలలో పలచబడతాయి.

భయమల్లా ఆ విడివడే సమయంలోనే. జిగురు గట్టిగా అంటుకొని ఉన్న చోట రెటీనాను గుంజితే చీకటిలో కూడా మెరుపులు కనబడతాయి. గుంజుడుకు రెటీనా చిరిగి, ఆ చిరుగులోంచి నీరు వెనుకకు చేరితే, తడిసిన గోడ సున్నం పెచ్చు లేచినట్లు రెటీనా ఊడివస్తుంది. నాకు 62వ ఏట, వానాకాలం రాత్రి, ఎడమ కంటి చివర మెరుపు మెరిసింది. ఆకాశంలో మెరిసిందనుకొని కిటికీ మూశాను. మూసిన తరువాత కూడా మెరిసింది. అయినా మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న చుక్కల మందుతో ఐదు రోజులు గడిపాను. ఆ మందు కంటి పైపొరకే గాని లోపలి చిరుగుకు పనికిరాదని తరువాత తెలిసింది. చివరకు ఆసుపత్రికి వెళ్తే, చిరుగు చుట్టూ లేజరుతో అతికించి ఆ రోజే ఇంటికి పంపారు. ఇంకా ఆలస్యమై రెటీనా ఊడి ఉంటే పెద్ద ఆపరేషన్, కంటిలో గ్యాసో నూనో నింపడం, రోజుల తరబడి తల వంచుకొని ఉండటం తప్పేవి కావు.

అందుకే ఈ వారంలోనే రెటీనా చూపించుకో. ఈలోగా చుక్కలు ఒక్కసారిగా మసి చల్లినట్లు పెరిగినా, మెరుపులు వచ్చినా, ఒక పక్క నుంచి నల్లని తెర దిగుతున్నట్లున్నా, నొప్పి లేదు కదా అని ఆగకుండా ఆ రోజే బయలుదేరు. రెటీనాకు నొప్పి తెలియదు. 2023లో కంటి వెలుగు శిబిరంలో చూశారు కదా అనుకోవద్దు. అద్దాల కోసం చూపు చూడటం వేరు, మందు వేసి కనుపాప పెద్దది చేసి రెటీనా అంచుల దాకా చూడటం వేరు. ఆ మందు వేసిన తరువాత కొన్ని గంటలు వెలుతురు పడదు, చూపు మసకగా ఉంటుంది కాబట్టి ఒంటరిగా రావద్దు. పరీక్షలో ఏమీ లేదన్నా, మళ్లీ ఎప్పుడు రావాలో అడిగి రాయించుకో. చిరుగు కొన్ని వారాల తరువాత కూడా పడవచ్చు. నీకు శుక్లం ఆపరేషన్ అయింది, చిన్ననాటి నుంచి దూరపు చూపు తక్కువ. ఈ రెండూ ఉన్నవారికి రెటీనా ఊడే అవకాశం ఎక్కువ కనుక డాక్టరుకు తప్పక చెప్పు.

బావగారిని కూడా వెంట తీసుకొని రా. షుగరు ఉన్నవారు చూపు బాగున్నా ఏడాదికి ఒకసారి రెటీనా చూపించుకోవాలి. ఇద్దరూ ఒక్కొక్క కన్ను మూసి కిటికీ చువ్వలను చూడండి. నిటారు చువ్వ వంకరగా కనబడితే రెటీనా నడిమి భాగం దెబ్బతింటున్నదేమో చూడవలసి ఉంటుంది. దానికి చికిత్స వేరు, తొందరపడటం మాత్రం దానికీ ఇంతే అవసరం.

పరకాలలో పొద్దున బస్సెక్కి ఫోను చెయ్యి. నేను హన్మకొండ బస్టాండులో ఉంటాను, ముగ్గురం కలిసి వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి వెళ్దాం. పాత అద్దాలూ, ఆపరేషన్ కాగితాలూ, బావగారి షుగరు చీటీలూ సంచిలో పెట్టుకో.

మీ అన్నయ్య