టెక్ సందేహాలు: గిటార్‌కు సంచి చాలా, పెట్టె కావాలా?

ఈ వారం ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పక్కన పెడదాం. గిటార్ మోసుకెళ్లడం మీద ప్రశ్నలు చాలానే పోగయ్యాయి. ఎటు తిరిగినా అన్నీ గిగ్ బ్యాగ్ (భుజాలకు తగిలించుకునే మెత్తటి సంచి) కొనాలా, హార్డ్ కేసు (గట్టి పెట్టె) కొనాలా అన్న దగ్గరికే వస్తున్నాయి. చాలామంది దీన్ని ధర చూసి తేల్చేస్తారు, ఖరీదెక్కువ కాబట్టి పెట్టే మంచిదని. నేను ముందు అడిగేది వేరే. దారి పొడుగునా గిటార్ మీ ఒంటి మీదే ఉంటుందా, లేక మధ్యలో వేరేవాళ్ల చేతుల్లోకీ వేరే సామాన్ల కిందకీ వెళ్తుందా? దీనికి జవాబు చెప్పుకుంటే సగం టెన్షన్ పోతుంది.

ప్రశ్న: నాది యమహా ఎఫ్310. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేటలో క్లాసుకు బైక్ మీద వెళ్తుంటాను. షాపువాళ్లు ఫ్రీగా ఇచ్చిన కవరే వాడుతున్నా. ఫ్రెండ్స్ హార్డ్ కేసు తీసుకోమంటున్నారు, అవసరమా? (ఇంజినీరింగ్ విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: వద్దు. బైక్ మీద హార్డ్ కేసు అంటే గిటార్ సంగతి తర్వాత, ముందు మీకే ప్రమాదం. గిటార్‌తో కలిపి ఆరేడు కిలోలు ఉంటుంది, వెనక కూర్చున్నవాడు దాన్ని ఒక చేత్తో, మిమ్మల్ని ఇంకో చేత్తో పట్టుకోవాలి, పక్క నుంచి బస్సు దూసుకుపోతే ఆ గాలికే పెట్టె ఊగుతుంది. మీకు కావలసింది మంచి గిగ్ బ్యాగే. కాకపోతే షాపులో ఊరికే ఇచ్చినదాన్ని గిగ్ బ్యాగ్ అనుకోకండి, అది దుమ్ము పడకుండా వేసే ముసుగు. దాని గుడ్డను రెండు వేళ్ల మధ్య నొక్కి చూడండి, ఒక వేలికి ఇంకో వేలు తెలిసిపోతుంటే అందులో ఫోమ్ లేనట్టే. కనీసం 10 మి.మీ. ఫోమ్ ఉండాలి, 20 మి.మీ. దొరికితే మరీ మంచిది. ఆన్‌లైన్‌లో ‘ప్యాడెడ్’ అని పెద్ద అక్షరాల్లో రాసి, ఎన్ని మిల్లీమీటర్లో మాత్రం రాయలేదంటే అక్కడ చెప్పుకోడానికి ఏమీ లేదని అర్థం.

బ్యాగ్ కొనేటప్పుడు అందరూ పైపైన జేబులు లెక్కపెడతారు, అడుగు భాగం ఎవరూ చూడరు. గిటార్ అడుగున బెల్టు తగిలించే పిన్ను ఉంటే, బ్యాగును నేల మీద నిలబెట్టిన ప్రతిసారీ బరువంతా దాని మీదే పడుతుంది. పలుచటి బ్యాగుల్లో కొన్నాళ్లకు ఆ పిన్ను గుడ్డను చీల్చుకుని బయటికొస్తుంది, ఆ తర్వాత తగిలే దెబ్బ నేరుగా చెక్కకే. అడుగున గట్టి రబ్బరో మందపాటి ఫోమో వేసి కుట్టారా అని లోపల చెయ్యి పెట్టి చూడండి.

ఇంకో సంగతి, భుజాలకు తగిలించుకున్నాక హెడ్‌స్టాక్, అంటే తీగలు బిగించే కీలుండే గిటార్ పై చివర, మీ తల కంటే పైకి లేచి ఉంటుంది, అది అక్కడుందని మీరు మర్చిపోతారు. సగం దించిన షాపు షట్టర్, అపార్ట్‌మెంట్ సెల్లార్లో అడ్డంగా వెళ్లే పైపు, ఆటో టాపు, అన్నీ దానికే తగులుతాయి. బండెక్కే ముందు పట్టీలు వదులు చేసి బ్యాగును కిందికి దించుకోండి. వాన విషయానికొస్తే, గుడ్డ వాటర్‌ప్రూఫ్ అయినా జిప్పు దగ్గరా కుట్ల దగ్గరా నీళ్లు దిగుతాయి, కాబట్టి విడిగా రెయిన్ కవర్ ఉండాల్సిందే. లేదంటే పెద్ద పాలిథీన్ కవరైనా జేబులో మడిచి పెట్టుకోండి.

ప్రశ్న: మాది పెళ్లిళ్లకు వాయించే ఆర్కెస్ట్రా. నా లెస్ పాల్ మోడల్ ఎలక్ట్రిక్ గిటార్‌ను ఎప్పుడూ హార్డ్ కేసులోనే వ్యాన్‌లో వేస్తాం. ఈమధ్య దించేటప్పుడు కేసు కింద పడింది. కేసుకు గీత కూడా పడలేదు, తెరిచి చూస్తే గిటార్ హెడ్‌స్టాక్ విరిగి ఉంది. మరి పెట్టె ఉండి ఏం లాభం? (రాజమహేంద్రవరం)

జవాబు: మీ కోపం న్యాయమైనదే గానీ తప్పు పెట్టెది కాదు, పెట్టెలో గిటార్ కూర్చున్న తీరుది. కేసు నేలకు తగిలి ఠక్కున ఆగిపోతుంది, లోపలున్న గిటార్ ఆగదు. బస్సు సడన్ బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్ల తల ఎలా ఊగుతుందో హెడ్‌స్టాక్ అలా ఊగుతుంది, ఆరు కీల బరువు కూడా దానికే ఉంటుంది. దీనికి తోడు తీగలు బిగించే ఉంటే అవన్నీ కలిసి ఎలక్ట్రిక్ గిటార్ మెడను సుమారు 45 కిలోల బలంతో లాగుతూ ఉంటాయి. ఆ ఊపూ ఈ లాగుడూ కలిసి ఒకే చోట పడతాయి, సరిగ్గా హెడ్‌స్టాక్ మొదలయ్యే చోట.

లెస్ పాల్ రకం గిటార్లకు అక్కడే బలం తక్కువ. వాటిని తయారుచేసే గిబ్సన్ కంపెనీ సాధారణంగా ఆ హెడ్‌స్టాక్‌ను 17 డిగ్రీల దాకా వెనక్కి వాల్చి చేస్తుంది, మహాగని చెక్క ముక్క ఒకటే తీసుకుని చెక్కడం వల్ల ఆ వంపు దగ్గర చెక్క నారలు పొడవునా సాగకుండా అడ్డంగా తెగిపోతాయి, పైగా ట్రస్ రాడ్ (మెడ లోపలుండే ఇనుప కడ్డీ) తిప్పడానికి సరిగ్గా అక్కడే చెక్కను తొలిచి గుంట చేస్తారు. ఆ పోలికలో చేసిన కాపీ గిటార్లలోనూ చాలావాటికి ఇదే బాధ. ఫెండర్ స్ట్రాటోకాస్టర్, టెలికాస్టర్ లాంటివాటిలో హెడ్‌స్టాక్ వెనక్కి వాలదు, మెడతో సమాంతరంగానే ఉంటుంది, చెక్క కూడా గట్టి మేపుల్, అందుకే అవి కింద పడినా ఎక్కువసార్లు బతికిపోతాయి. మీ బృందంలో ఎవరిదైనా స్ట్రాట్ గిటార్ మామూలు గిగ్ బ్యాగ్‌లో ఏళ్ల తరబడి తిరుగుతూ చెక్కుచెదరకుండా ఉంటే ఆశ్చర్యపోవద్దు.

కొత్త కేసు కొన్నా, ఉన్నదే వాడినా ముందు ఈ పరీక్ష చేయండి. గిటార్ పెట్టి మూత తెరిచే ఉంచి, హెడ్‌స్టాక్ వెనక వేలు దూర్చండి. అది కేసు అడుగుకు తగలకుండా గాల్లో ఉండాలి, బరువంతా మెడ కింద ఉండే దిమ్మా బాడీ అడుగూ మోయాలి. తగులుతుంటే ఆ కేసు మీ గిటార్‌కు సరిపోదు, ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే. తర్వాత మూత వేసి, కొక్కేలు బిగించి, కేసును నిలబెట్టి మెల్లగా అటూ ఇటూ ఊపండి. లోపల దబ్ దబ్ మని చప్పుడొస్తే బాడీ చుట్టూ ఖాళీ ఉన్నట్టు. నడుము వంపుల దగ్గర పాత టవల్ మడిచి పెట్టండి. హెడ్‌స్టాక్‌కు కిందా పైనా మెత్తటి టీషర్టు ఉండాలి, ఊగకుండా ఆపేంత మాత్రమే, మూత వేస్తే కుక్కినట్టు నొక్కేంత కాదు. తీగలను ఒకటి రెండు స్వరాలు దించండి. పూర్తిగా వదులు చేయనక్కర్లేదు.

వ్యాన్‌లో కేసును పడుకోబెట్టి దాని మీద యాంప్ పెట్టే అలవాటు మానేయాలి. పక్కవాటంగా నిలబెట్టి, రెండు వైపులా జారకుండా బెడ్‌షీట్లు గానీ పరుపులు గానీ ఆనించండి. పెళ్లి అయిపోయాక అర్ధరాత్రి రెండింటికి సామాను ఎక్కించేది మీరు కాదు, నిద్రమత్తులో ఉన్న కుర్రాళ్లు, కాబట్టి కేసు మీద పెద్దగా ‘పైన బరువు పెట్టొద్దు’ అని తెలుగులోనే రాయండి. విరిగిన గిటార్‌కు దయచేసి ఫెవిక్విక్ పోయకండి. నారల మధ్య అది గట్టిపడితే తర్వాత అసలు జిగురు పట్టదు. ముక్కలు కదలకుండా గుడ్డ చుట్టి, గిటార్లు బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి, శుభ్రంగా విరిగినదైతే చెక్క జిగురుతో మళ్లీ గట్టిగా నిలబడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఎంఎస్ చదవడానికి డల్లాస్ వెళ్తున్నాడు. గిటార్ కూడా తీసుకెళ్తానంటున్నాడు. విమానంలో పైన పెట్టుకోనిస్తారా, పెట్టె కొనాలా? (కరీంనగర్)

జవాబు: పెట్టుకోనిస్తారనే నమ్మకంతో మాత్రం బయల్దేరవద్దు. మన దేశంలో చేతి సామానుకు మామూలుగా 7 కిలోలు, పొడవు వెడల్పు ఎత్తు కలిపి 115 సెం.మీ. అని ఉంటుంది, గిటార్ పొడవే మీటరు దాటుతుంది. అమెరికాలో 2012లో చేసిన చట్టం, 2015లో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం ఎక్కే సమయానికి పైన చోటుంటే గిటార్ పెట్టుకోనివ్వాలి, దీన్నే పట్టుకుని ఇంటర్నెట్‌లో అందరూ ‘హక్కు’ అంటుంటారు. అది అమెరికా ఎయిర్‌లైన్లకే వర్తిస్తుంది, దుబాయ్, దోహాల మీదుగా వెళ్లే విమానాల దగ్గర దాన్ని చూపిస్తే లాభం లేదు. చెకిన్ సామానుకూ చాలా ఎయిర్‌లైన్లు మూడు కొలతలు కలిపి 158 సెం.మీ. దాటకూడదంటాయి, అకూస్టిక్ గిటార్ కేసు 165, 170 దాకా వస్తుంది. టికెట్ కొన్న ఎయిర్‌లైన్‌కు ఈమెయిల్ పెట్టి, ఆ జవాబు ప్రింట్ తీసి ఉంచుకోండి. ఫోన్‌లో మాట్లాడిన మాటకు కౌంటర్ దగ్గర విలువుండదు.

చెకిన్ చేస్తే మాత్రం మౌల్డ్ చేసిన గట్టి హార్డ్ కేసే, ఇక్కడ ఇంకో మాటే లేదు. కెనడా గాయకుడు డేవ్ కరోల్ టేలర్ గిటార్ 2008లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ప్రయాణంలో విరిగింది, షికాగోలో సిబ్బంది గిటార్లను విసరడం తోటి ప్రయాణికులు కిటికీలోంచి చూశారు. రిపేరుకు 1,200 డాలర్లయింది, నెలల తరబడి తిరిగినా పరిహారం రాలేదు, చివరికి 2009లో ఆయన దాని మీదే పాట కట్టి యూట్యూబ్‌లో పెట్టాకే కంపెనీ దిగొచ్చింది. మీ అబ్బాయికి అంత ఓపిక లేకపోతే పై జవాబులో చెప్పిన టవల్, టీషర్టు పనులన్నీ చేసి పంపండి. అకూస్టిక్ గిటార్ తీగల లాగుడు 70 కిలోల పైమాటే, కాబట్టి దించడం మర్చిపోవద్దు. కేసులో ఖాళీ కనిపించింది కదా అని కారప్పొడి పొట్లాలు దూర్చకండి, బరువు వెళ్లి గిటార్ పైపలక మీద పడుతుంది. అమెరికాలో తనిఖీకి కేసు తెరవచ్చు కాబట్టి టీఎస్‌ఏ తాళం (అక్కడి తనిఖీ సిబ్బంది తమ తాళంచెవితో తెరవగలిగేది) ఉండాలి, గుడ్డలు మళ్లీ ఎక్కడివక్కడ పెట్టమని ఇంగ్లిష్‌లో ఒక చీటీ కూడా. వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్‌కు విడి లిథియం బ్యాటరీలుంటే అవీ, పవర్ బ్యాంకూ చేతి సామానులోకే.

నా సొంత అభిప్రాయం అడిగితే, గిటార్ పది వేల లోపుదైతే ఇంట్లోనే వదిలేసి వెళ్లమనండి. కేసు ఖర్చూ, పోయే లగేజీ కిలోలూ లెక్కేస్తే అక్కడ సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొనుక్కోవడమే మేలు, ఆ కిలోలు పచ్చళ్లకు పనికొస్తాయి. తాతగారు కొనిచ్చిందో, చేతికి బాగా అలవాటైన మంచి గిటారో అయితే వేరే సంగతి.

ప్రశ్న: ఫోమ్ కేసు అంటున్నారు, అది బ్యాగా, పెట్టెనా? (తిరుపతి)

జవాబు: రెండింటికీ మధ్యలోది. పెట్టె ఆకారంలో గట్టి ఫోమ్, పైన నైలాన్ గుడ్డ, జిప్పు, భుజానికి పట్టీలు. తేలిగ్గా ఉంటుంది, అంచులకు తగిలే దెబ్బలు ఆపుతుంది, పైనుంచి బరువు పడితే మాత్రం ఆగదు. మీతో పాటే బెర్తు మీద పెట్టుకునే రైలు ప్రయాణానికి నా ఓటు దీనికే.

ప్రశ్న: గిటార్‌ను హార్డ్ కేసులోనే మూసి ఉంచుతాను. వానాకాలంలో బూజు వాసన వస్తోంది. మొన్న ఎండాకాలం కారు డిక్కీలో ఉంచితే బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు బిగించే చెక్క) లేచింది. (కాకినాడ)

జవాబు: రెండూ వేరు వేరు జబ్బులు. చెక్కకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే హాయి, మీ ఊళ్లో వానాకాలం అది ఎప్పుడో దాటేస్తుంది, మూసిన పెట్టెలో అదంతా లోపలే ఉండిపోతుంది. తేమ ఎంతుందో చూపించే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ కొని కేసులో పడేయండి, సిలికా జెల్ పొట్లాలు పెట్టి వాటిని తరచూ మార్చండి, లేదా తేమను తీసుకోవడం ఇవ్వడం రెండూ చేస్తూ దాన్ని 49 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్లు దొరుకుతాయి, అవి వాడండి. ఎండలో నిలిపిన కారుకు మాత్రం ఏ కేసూ మందు కాదు. ఆ వేడికి బ్రిడ్జ్ కింద జిగురు మెత్తబడుతుంది, తీగలు లాగేస్తాయి, అంతే. లేచిన బ్రిడ్జ్ సందులో కాగితం దూరుతోందంటే తీగలు దించేసి రిపేరుకివ్వండి.

ప్రశ్న: మా అమ్మాయి బొబ్బిలి వీణను కారులో బెంగళూరు తీసుకెళ్లాలి. గిటార్ బ్యాగుల్లాంటివి వీణకు దొరుకుతాయా? (విజయనగరం)

జవాబు: దొరుకుతాయి. వీణ కొలతకు కుట్టిన ఫోమ్ బ్యాగులున్నాయి, సొంత కారులో వెనక సీటు మీద పడుకోబెట్టి తీసుకెళ్లడానికి అవి చాలు. రైలుకో విమానానికో అయితే ఫైబర్‌గ్లాస్ పెట్టె తప్పదు. చిన్న బుర్ర విప్పి విడిగా గుడ్డ చుట్టండి. బొబ్బిలి వీణ ఒకే పనస దుంగలో చెక్కినది కాబట్టి అతుకు ఊడుతుందన్న భయం తక్కువ, మీరు భయపడాల్సింది వేడికి. ఆ 24 మెట్లూ మైనంలోనే కూర్చి ఉంటాయి, కిటికీ ఎండ గంటసేపు పడినా మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి. డిక్కీలో పెట్టకండి, ఎండ పడే వైపు అద్దానికి దుప్పటి కట్టండి, భోజనానికి ఆగినప్పుడు కారు నీడలో పెట్టి అద్దాలు కాస్త దించి ఒకరు అక్కడే ఉండండి. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా మెట్లు జరిగితే వాటిని మీరు వేలితో నొక్కి సర్దకండి, మేళం కట్టేవాళ్లకు, అంటే మెట్లను మళ్లీ మైనంలో కూర్చేవాళ్లకు, చూపించండి. అలాంటివాళ్లు బెంగళూరులో ఎవరున్నారో అమ్మాయి గురువుగారిని బయల్దేరేముందే అడిగి నంబర్ రాసుకోండి.